చిన్న ఆర్కేడ్ డబ్బాకి ఏ చెక్క కొనాలి: ఎండీఎఫ్ఫా, ప్లైవుడ్డా, ఇంకోటా

"అన్నా, రాస్ప్‌బెర్రీ పై కొన్నా, బటన్లు కొన్నా, మానిటర్ కూడా దొరికింది, ఇప్పుడు డబ్బాకి ఎండీఎఫ్ తీస్కోనా ప్లైవుడ్ తీస్కోనా?" ఈ మెసేజ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, అందుకే విడివిడిగా జవాబిచ్చే బదులు మొత్తం ఒకేచోట రాసేస్తున్నా. రాస్ప్‌బెర్రీ పై (గేమ్ నడిపే చిన్న కంప్యూటర్) లాంటి ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ జోలికి పోను. చెక్క ఏది కొనాలి, షాపులో ఎలా చూడాలి, ఏ ముక్కకి ఏది వాడాలి, అంతవరకే.

నేను చెప్పేది పాత వీడియో గేమ్ పార్లర్ మెషిన్ లాంటిదే, కానీ టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఆర్కేడ్ డబ్బా గురించి. 19 అంగుళాల పాత చదరపు మానిటర్, ఇద్దరికి జాయ్‌స్టిక్కులు, ఎత్తు 60 సెం.మీ., లోతు 45, లోపలి వెడల్పు 45 దాకా. పాత మానిటర్ కావాలంటే హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీ ఉండనే ఉంది. మనిషెత్తు డబ్బా చేసేవాళ్లకి కొలతలు మారతాయి, చెక్క లెక్క మాత్రం చాలావరకు ఇదే.

ముందే చెప్పేస్తా, "ఏ చెక్క మంచిది" అన్న ప్రశ్నే సగం తప్పు. డబ్బా అంతా ఒకే చెక్కతో చేయాలని రూలేం లేదు. పక్కలకి ఒకటి, బటన్లు దిగే పలకకి ఒకటి, వెనక మూతకి ఒకటి, అలా విడగొట్టుకుంటే ఖర్చూ తగ్గుతది, బరువూ తగ్గుతది.

ఏమేం కావాలి

- 12 ఎంఎం షీటు, సగం చాలు (4 అడుగులు × 4 అడుగులు)
- వెనక మూతకి 4 ఎంఎం ప్లై లేదా 6 ఎంఎం ఎండీఎఫ్ ముక్క
- ముప్పావు అంగుళం చదరపు చెక్క రీపర్లు, మొత్తం కలిపి ఓ 15 అడుగులు
- ఫెవికాల్, 25 ఎంఎం చిప్‌బోర్డ్ స్క్రూలు, కొన్ని ఎం4 (4 ఎంఎం మర) బోల్టులు
- ఎడ్జ్ బ్యాండ్ టేపు, లేదంటే లప్పం, ప్రైమర్, పెయింట్
- టేపు, మూలమట్టం, మందం కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్ (ప్లాస్టిక్‌ది అయినా పర్లేదు, ఇది లేకుండా షాపుకి వెళ్లొద్దు)
- ఎన్95 మాస్కు

1. ముందు మందం తేల్చుకోండి

ఇంటర్నెట్‌లో దొరికే ప్లాన్లన్నీ ముప్పావు అంగుళం అంటాయి, అది చూసి అందరూ 18 ఎంఎం కొనేస్తారు. ఆ కొలత పెద్ద డబ్బాల నుంచి వచ్చింది. 1980ల్లో వీడియో గేమ్ పార్లర్లలో నిలబడి ఆడే మెషిన్లు, రోజంతా జనం గుద్దేవాళ్లు, ఒరిగేవాళ్లు, లోపల బరువైన పిక్చర్ ట్యూబు ఉండేది, వాటికి ఆ మందం కావాలి. మీ టేబుల్ మీద కూర్చునే డబ్బాకి అక్కర్లేదు.

లెక్క చూడండి. ఈ డబ్బాకి వెనక మూత కాకుండా సుమారు 1.2 చదరపు మీటర్ల చెక్క పడతది. 18 ఎంఎం ఎండీఎఫ్‌తో చేస్తే ఒక్క చెక్కే 16 కిలోలు, దానికి మానిటర్ ఇంకో మూడు నాలుగు కిలోలు, ఇక దాన్ని అటకెక్కించాలన్నా దించాలన్నా ఇద్దరు కావాలి. అదే 12 ఎంఎం అయితే 11 కిలోల లోపు, 12 ఎంఎం ప్లై అయితే 9 దగ్గర.

9 ఎంఎంతో కూడా చేయొచ్చు కదా అంటారు కొందరు. చేయొచ్చు, కానీ బటన్లు గట్టిగా కొడుతుంటే పలక ఊగుతది, చప్పుడు కూడా డబడబా వస్తది. 12 సరిగ్గా సరిపోతది.

2. మీ ఇల్లు చూసి రకం ఎంచుకోండి

మన దగ్గర మామూలుగా దొరికేవి ఇవి, ఒక్కోదాని గురించి నా అభిప్రాయం చెప్తా.

మామూలు ఎండీఎఫ్: చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక, నున్నగా ఉంటది, లోపల గ్యాపులుండవు, ఏ వంపు కోసినా అంచు నీట్‌గా వస్తది, పెయింట్‌కి దీన్ని మించింది లేదు. రెండే రెండు జబ్బులు. నీళ్లు తగిలితే ఉబ్బుతది, ఉబ్బింది మళ్లీ తగ్గదు. అంచులోకి స్క్రూ దింపితే పొరలు విచ్చుకుంటది. ఏసీ గదిలో, నేల తుడిచే నీళ్లు తగలని చోట పెట్టేవాళ్లకి ఇది చాలు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం దగ్గర ఉండేవాళ్లు, వానాకాలం గోడలు చెమర్చే ఇళ్లవాళ్లు దీని జోలికి పోకండి.

హెచ్‌డీహెచ్‌ఎంఆర్: మాడ్యులర్ కిచెన్లు చేసేవాళ్లని అడగండి, వాళ్లకి బాగా తెలుసు. ఎండీఎఫ్‌కి అన్నలాంటిది, సాంద్రత ఎక్కువ (ఘనపు మీటరుకి 850 కిలోల దగ్గర, మామూలు ఎండీఎఫ్ 700–750), తేమకి తట్టుకుంటది, స్క్రూ పట్టు బాగుంటది. ఇది ఎండీఎఫ్ కంటే ఖరీదు, బరువు కూడా ఇంకాస్త ఎక్కువే. పక్క పలకలకి, జాయ్‌స్టిక్కుల పలకకి నా ఓటు దీనికే. తేమని తట్టుకుంటదంటే నీళ్లలో నానబెట్టమని మాత్రం కాదు.

ప్లైవుడ్: తేలిక, గట్టి, స్క్రూ తీసి మళ్లీ బిగించినా పట్టు పోదు. షాపులో రెండు పేర్లు వింటారు. కమర్షియల్ లేదా ఎంఆర్ (తేమ తట్టుకునేది) అంటే ఐఎస్ 303 అనే ప్రమాణం కింద వచ్చేది, ఇంట్లో మామూలు తేమకి సరిపోతది. మెరైన్ లేదా బీడబ్ల్యూపీ అంటే ఐఎస్ 710, మరిగే నీళ్లని కూడా తట్టుకునే జిగురు. ఆర్కేడ్ డబ్బాకి మెరైన్ అక్కర్లేదు, షాపువాళ్లు "సార్ లైఫ్‌టైమ్" అని అంటగడతారు, మీది బాత్రూమ్ తలుపు కాదు కదా. అయితే చౌక ఎంఆర్ కంటే ఓ మోస్తరు మెరైన్ లోపలి పొరలు నీట్‌గా ఉంటాయి, బడ్జెట్ ఉంటే ఆ కారణంతో తీసుకోండి, నీళ్ల కారణంతో కాదు.

బ్లాక్‌బోర్డ్: లోపల చెక్క పట్టీలు పేర్చి పైన పొరలు అతికించింది. పొడవాటి తలుపులకి బాగుంటది. దీంట్లో 28 ఎంఎం రంధ్రం కొడితే సరిగ్గా రెండు పట్టీల సందులో పడొచ్చు, అప్పుడు అంచు ముక్కలైపోతది. వద్దు.

పార్టికల్ బోర్డ్: రెడీమేడ్ కంప్యూటర్ టేబుళ్లలో ఉండేది. పాత టేబుల్ విప్పి దాంతో చేస్తానని చాలామంది అడుగుతారు. మూత, లోపలి అడ్డపట్టీల్లాంటి వాటికి వాడుకోండి, బటన్ల పలకకి మాత్రం వాడకండి. స్క్రూ రెండోసారి విప్పి బిగిస్తే పొట్టు రాలి రంధ్రం వదులైపోతది, జాయ్‌స్టిక్కు పలకని మీరు రెండుసార్లు కాదు పదిసార్లు విప్పుతారు.

టేకు, మామిడి లాంటి అసలు చెక్క వాడొచ్చా అంటే, పక్కలకి అంత వెడల్పు పలక దొరకదు, అతికించాలి, సీజన్ మారితే వంగుతది. టేకు ముక్కలుంటే రీపర్లకి వాడండి, బ్రహ్మాండంగా ఉంటది.

3. ఏ ముక్కకి ఏది

పక్క పలకలు రెండు: 12 హెచ్‌డీహెచ్‌ఎంఆర్, లేదా పెయింట్ బదులు మైకా వేసేవాళ్లయితే 12 ప్లై.

అడుగు పలక: 12 ప్లై. బరువంతా దీని మీదే, తడి తగిలేది కూడా దీనికే. కింద నాలుగు రబ్బరు బుష్‌లు కొట్టండి.

మానిటర్ పట్టుకునే అడ్డపట్టీ: 12 ప్లై, ఎండీఎఫ్ వద్దు. మానిటర్ వెనక 75 లేదా 100 ఎంఎం దూరంలో నాలుగు ఎం4 రంధ్రాలుంటాయి. మానిటర్‌తో వచ్చే బోల్టులు చెక్క మందం దాటి లోపలికి అందవు, 20 ఎంఎం పొడవువి కొనుక్కోండి. కొనేముందు ఒక అగ్గిపుల్ల రంధ్రంలో పెట్టి లోతు చూడండి, బోల్టు పొడవులో చెక్క మందం పోను మిగిలేది ఆ లోతు కంటే ఎక్కువుంటే బోల్టు లోపల బోర్డుకి తగులుతది.

మానిటర్ చుట్టూ ఫ్రేమ్: 6 ఎంఎం ఎండీఎఫ్ నల్ల పెయింట్, లేదా 3 ఎంఎం అక్రిలిక్. వెనక మూత 4 ప్లై, గాలి ఆడడానికి పైనా కిందా రంధ్రాలు.

ఇక బటన్ల పలక, తలనొప్పి అంతా ఇక్కడే, దీనికి వేరే స్టెప్.

4. బటన్లు చేతిలో పెట్టుకునే పలక కొనండి

చెక్క ముందు కొని బటన్లు తర్వాత ఆర్డర్ పెట్టేవాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారు. బటన్లలో రెండు రకాలు, ఒకటి పక్కన రెండు ప్లాస్టిక్ చెవులుండి టక్కున దిగేది, ఇంకోటి కింద నుంచి నట్ బిగించేది. చెవుల రకం రెండు మూడు ఎంఎం రేకుకి చేసింది, 12 ఎంఎం చెక్కలో ఆ చెవులు తెరుచుకోవు, బటన్ నొక్కుతుంటే పైకి వచ్చేస్తది. చెక్కకి నట్ రకమే. వాటిలో కూడా మర పొడవు కొలవండి, కొన్నిటికి పొట్టిగా ఉండి 12 ఎంఎం దాటాక నట్ పట్టుకోవడానికి మర మిగలదు.

రంధ్రం సైజు బాక్సు మీద చదివి నమ్మొద్దు. జపాన్ రకాలకి 30, అమెరికన్ పద్ధతి వాటికి 28–29, చిన్నవాటికి 24 అని పేరుకి ఉంటది గానీ కిట్లలో వచ్చేవి అటూ ఇటూ ఉంటాయి. కాలిపర్‌తో మెడ కొలిచి ముందు పనికిరాని ముక్క మీద ఒక రంధ్రం కొట్టి బటన్ దించి చూడండి.

జాయ్‌స్టిక్కుది ఇంకో కథ. చాలావాటికి కర్ర పొడవు రేకు పలకని లెక్కేసుకుని పెడతారు, 18 ఎంఎం చెక్క కింద బిగిస్తే పైన కర్ర పొట్టిగా మిగులుతది, చేతికి పట్టు సరిగ్గా దొరకదు. 12తో కాస్త నయం. ఇంకా పొట్టిగా అనిపిస్తే జాయ్‌స్టిక్కు రేకు కూర్చునే మేరకు కింద నుంచి రౌటర్‌తో (చెక్కలో గాడి తీసే మెషిన్) 5 ఎంఎం గుంట తీయించండి. గుంట తీశాక మిగిలేది 7 ఎంఎమ్మే కాబట్టి కింద నుంచి చెక్క స్క్రూ వేస్తే నిలవదు, పై నుంచి ఎం4 బోల్టు దించి కింద నట్ బిగించాలి, తల చెక్కలోకి దిగేలా చేస్తే పైన స్టిక్కర్ వేసినప్పుడు కనిపించదు. ఈ గుంట ప్లైలో తీస్తే ఒక్కోసారి పొర లేచి వస్తది, హెచ్‌డీహెచ్‌ఎంఆర్‌లో నీట్‌గా వస్తది, ఈ పలకకి దాన్ని చెప్పడానికి అసలు కారణం ఇదే.

రౌటర్ లేదా? 6 ఎంఎం పలక పైన, దాని కింద జాయ్‌స్టిక్కు చోటా బటన్ల చోటా తెరిచి ఉంచిన 12 ఎంఎం ఫ్రేమ్ అతికించండి. గుంట తీయకుండానే పని అయిపోతది, బటన్ మర పొట్టి సమస్య కూడా పోతది.

5. షాపులో ఎలా చూడాలి

తొందరపడకండి, బేరం కంటే ముందు ఇవి చూడండి.

మందం: నాలుగు మూలలా కాలిపర్ పెట్టండి. 12 అని అమ్మేది 11.5 ఉంటే సరే, 11 లోపు ఉంటే వేరే షీటు అడగండి. ఒక మూల 12, ఇంకో మూల 11 ఉంటే అస్సలు వద్దు, అతుకుల దగ్గర మెట్టు వస్తది. వచ్చిన అసలు కొలత రాసుకోండి, కటింగ్ లిస్టు దాని మీదే కట్టాలి. లోపలి వెడల్పు 450 అయితే బయటి వెడల్పు 474 కాదు, 450 ప్లస్ రెండు అసలు మందాలు.

వంపు: షీటు ఒక చివర ఎత్తి అంచు వెంబడి ఒక కన్ను మూసి చూడండి. విల్లులా ఉంటే వద్దు. గోడకి వాల్చి నెలల తరబడి ఉంచిన 12 ఎంఎం షీట్లలో ఇది మామూలే, అందుకే పడుకోబెట్టిన దొంతర నుంచి తీయించండి.

ప్లై అయితే అంచు: నాలుగు వైపులా తిరిగి చూడండి. పొరలు సమానంగా ఉండాలి, మధ్యలో నల్లటి సందులు కనిపిస్తే లోపల ఇంకా ఎక్కువుంటాయి. అంచుకి రంగు పూసిన షీటులో సందులు దాక్కుంటాయి, ఆ రంగు చూసి మురిసిపోకండి. తర్వాత వేలి కణుపుతో షీటంతా కొడుతూ వెళ్లండి, ఒకచోట చప్పుడు బోలుగా మారితే అక్కడ లోపల గ్యాపే. మీ బటన్ రంధ్రం అక్కడే పడతది, రాసిపెట్టుకోండి.

ముద్ర: ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరుంటది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ నంబరు ఏ కంపెనీది, ఏ సరుకుకి ఇచ్చారో వస్తది. షీటు మీద పేరు, యాప్‌లో పేరు కలవకపోతే పెట్టేసి వచ్చేయండి.

తేమ పరీక్ష: హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పేరుతో మామూలు ఎండీఎఫ్ అంటగట్టారేమోనని డౌటుంటే చిన్న కట్ పీసు అడిగి తెచ్చుకోండి, అడిగితే ఇస్తారు. మందం కొలిచి ఒక రోజంతా గ్లాసు నీళ్లలో వేసి మళ్లీ కొలవండి. మామూలు ఎండీఎఫ్ కంటికి తెలిసేంత ఉబ్బి అంచు మెత్తబడతది, మంచి హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పెద్దగా మారదు. లోపల ఆకుపచ్చగా ఉంది కాబట్టి వాటర్‌ప్రూఫ్ అనేది మాత్రం నమ్మకండి, అది కలిపిన రంగు, అంతే.

వాసన: చిన్న గదిలో, పిల్లలు ఆడే చోట పెట్టేదైతే ఈ1 లేదా ఈ0 అని రాసున్నది అడగండి, జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు తక్కువ వదులుతది. కోసిన అంచులన్నీ పెయింటో టేపో వేసి మూసేస్తే వాసన ఇంకా తగ్గుతది.

సగం షీటు ఇవ్వం అంటే ఇంటీరియర్ పనులు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్లండి, వార్డ్‌రోబుల్లో మిగిలిన ముక్కలు ఆయన దగ్గర గోడకి ఆనించి ఉంటాయి. మీ పెద్ద ముక్క 60 × 45 మాత్రమే, సులువుగా దొరుకుతది.

6. కోయించడం

చేతి రంపంతో కోయాలని సరదా ఉంటే మీ ఇష్టం. ప్యానెల్ సా (షీట్లు నేరుగా కోసే పెద్ద రంపం మెషిన్) ఉన్న షాపులో నేరు కోతలు వేయించుకోవడం ఉత్తమం, ప్రతి కోతకీ బ్లేడు 3 ఎంఎం తినేస్తదని లిస్టులో రాసుకోండి. పక్కల వంపులకి మాత్రం పూజగది జాలీలు, తలుపుల డిజైన్లు కంప్యూటర్ మెషిన్‌తో కోసే సీఎన్‌సీ షాపు పట్టుకోండి, డ్రాయింగ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే రెండు పక్కలూ, బటన్ రంధ్రాలతో సహా ఒకేలా కోసిస్తారు. ఇవ్వడానికి ముందు డ్రాయింగ్‌ని అసలు సైజులో ఫ్లెక్స్ షాపులో ప్రింట్ తీయించి కార్డ్‌బోర్డు మీద అతికించి చేతులు పెట్టి చూడండి, ఇద్దరు కూర్చుంటే మోచేతులు గుద్దుకుంటున్నాయా లేదా ఇక్కడే తెలిసిపోతది.

ప్లై కోయిస్తే పై పొర గీతలు పక్క పలకల్లో నిలువుగా ఉండేలా చెప్పండి. ఇంట్లో రంధ్రాలు కొట్టేవాళ్లు హోల్ సాతో (గుండ్రటి రంపం బిట్టు) సగం పై నుంచి, మిగతా సగం కింద నుంచి కొట్టండి, అడుగున పనికిరాని ముక్క ఒకటి పెట్టండి, లేకపోతే వెనక పొర చీలి పోతది. ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ పొడి పిండిలా ఉంటది, ఊపిరితిత్తులకి మంచిది కాదు, బయట కోయండి, మాస్కు వేసుకోండి, చేతిరుమాలు సరిపోదు.

7. అతికించడం

12 ఎంఎం అంచులోకి స్క్రూ దింపొద్దు, ఏ చెక్కయినా సరే. లోపలి మూలల్లో రీపర్ పెట్టి దానికి రెండు పలకలూ అతికించండి. రీపర్ 19, పలక 12, కలిపి 31. ఇందులో 30 ఎంఎం స్క్రూ వేస్తే మొన బయటివైపు పొంగి కనిపిస్తది, 25 వేయండి. పలకలోకి దిగేది తక్కువే కదా అనిపిస్తది, పర్లేదు, అసలు పట్టు ఫెవికాల్‌ది, స్క్రూ అది ఆరేదాకా బిగించి ఉంచడానికే. ఒక రాత్రి కదపకండి. జిప్సమ్ పనికి వాడే నల్ల స్క్రూలు వాడొద్దు, తల తెగిపోతది.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ముందే మైకా అంటించి వచ్చే బోర్డు కొంటారు, పెయింట్ పని తప్పుతదని. దాని నున్నటి తలం మీద ఫెవికాల్ పట్టదు, ఆరినట్టే ఉండి నెల తిరక్కుండా ఊడొస్తది. అలాంటి బోర్డే వాడాలనుకుంటే రీపర్ వచ్చేచోట పై పొర గీకేయండి. మీరే మైకా అంటిస్తే ఒకవైపే అంటించి వదిలేయొద్దు, పలక ఆ వైపుకి వంగుతది, లోపల కూడా చౌక లైనర్ ఒకటి వేయండి.

8. పెయింట్‌కి ముందు పరీక్ష

7లో చెప్పినట్టు అతికించే ముందే ఇది చేయండి: ఫెవికాల్ లేకుండా మొదట స్క్రూలతోనే డబ్బా నిలబెట్టి మానిటర్, జాయ్‌స్టిక్కులు అన్నీ పెట్టేయండి. ముందు నుంచి రెండు మూలల మధ్య ఐమూలగా టేపు పట్టి కొలవండి, రెండు కొలతలూ రెండు ఎంఎం లోపు కలవాలి. చదునైన నేల మీద పెట్టి ఒక మూల నొక్కండి, టకటక ఆడితే అడుగు పలకో పక్కో వంకర ఉన్నట్టు. జాయ్‌స్టిక్కుని నాలుగు వైపులా చివరిదాకా తోయండి, కర్ర రంధ్రం అంచుకి రాసుకుంటుంటే రంధ్రం పెంచాలి, పెయింట్ అయ్యాక ఈ పని చేస్తే ఏడుపొస్తది. ఒక గంట గేమ్ నడిపి లోపల చెయ్యి పెట్టి వేడి చూడండి, ఎక్కువనిపిస్తే వెనక మూతలో రంధ్రాలు పెంచండి.

అంచుల సంగతి. ఎండీఎఫ్ కోసిన అంచు పెయింట్ తాగేస్తది, ఎన్ని కోట్లు వేసినా గరుగ్గానే ఉంటది. ముందు లప్పం పల్చగా రుద్ది, ఆరాక 180 ఎమరీ, ప్రైమర్, మళ్లీ 320, ఆ తర్వాతే రంగు. పార్లర్ మెషిన్ల అంచుకి ఉండే ప్లాస్టిక్ టీ-మోల్డింగ్ మన షాపుల్లో దొరకడం కష్టం, పైగా 12 ఎంఎంకి సరిపోయే సైజు అరుదు, 2 ఎంఎం పీవీసీ ఎడ్జ్ బ్యాండ్ వేయించుకుంటే చూడ్డానికి దగ్గరగానే ఉంటది.

అమెరికాలో ఉన్నవాళ్లకి

మీకు హోమ్ డిపో, లోవ్స్‌లో 2 × 4 అడుగుల చిన్న పలకలు దొరుకుతాయి, ఈ డబ్బాకి షీటు మోసుకురావాల్సిన పనిలేదు. బాల్టిక్ బిర్చ్ ప్లై దొరికితే దాంట్లో గ్యాపులు తక్కువ. ముప్పావు అంగుళం అని రాసున్న ప్లై చాలావరకు నిజానికి 23/32 అంగుళమే ఉంటది, అరంగుళం అన్నది 15/32, కాబట్టి ప్లాన్‌లో గాడి కొలతలు గుడ్డిగా వేసేయకండి, టీ-మోల్డింగ్ కూడా పలక కొలిచాకే ఆర్డర్ పెట్టండి. అక్కడి షాపులోనే నేరు కోతలు కోసిస్తారు, వంపుకి జిగ్‌సా చాలు, మొదటి పక్కని కోసి ఎమరీతో నున్నగా చేశాక దాన్నే రెండోదాని మీద పెట్టి గీసుకోండి.